అమెరికా పోతే ఎక్స్‌పాట్, దుబాయ్ పోతే వలస కూలీ
(వాడ ముచ్చట్లు – 11వ భాగం)



ఈ వారం హాస్టల్ మెస్ చార్జీల గురించి రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. అది వచ్చే వారం. ఈ వారం ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. మొన్న శనివారం నేను ఒక ఇంటర్నేషనల్ స్కూలుకు వెళ్లాను. నవ్వకండి, నిజంగానే వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెక్యూరిటీ దగ్గర ఫొటో దిగి, మెడలో ‘గెస్ట్’ అని ఒక పట్టీ తగిలించుకుని మరీ లోపలికి పోయాను.

నాకు ఒక దోస్తు ఉన్నాడు. పేరు రాయను. ఐదో తరగతి నుంచి పది దాకా ఒకే గురుకులంలో చదివాం. ఇద్దరం మాదిగ బిడ్డలమే. ఇద్దరికీ కలిపి ఒకటే ట్రంకుపెట్టె, దానికి ఒకటే తాళం. వాడు ఇంజనీరింగ్ చేసి టెక్సాస్ పోయాడు. పదకొండేళ్లు అక్కడే ఉండి ఈ ఏడాది భార్యాబిడ్డలతో తిరిగొచ్చాడు. వాడి బిడ్డకు తొమ్మిదేళ్లు. అక్కడే పుట్టింది కాబట్టి అమెరికా పాస్‌పోర్టు. గచ్చిబౌలి దాటాక ఒక స్కూలు వాళ్లు ‘విదేశాల నుంచి వచ్చిన కుటుంబాల కోసం’ పరిచయ సభ పెట్టారు. “నువ్వు గూడ రారా, ఈడ బడుల సంగతి నాకేం తెల్వది” అన్నాడు. పోయాను.

ముందు నిజం చెప్పుకుందాం. ఆ బడి బాగుంది. ఎవరైనా బాగాలేదంటే అబద్ధం. లైబ్రరీలో పిల్లలు నేల మీద బోర్లా పడుకుని చదువుకునే చోటుంది. తరగతికి ఇరవై మంది పిల్లలకు ఇద్దరు టీచర్లు. సైన్సు ల్యాబులో ప్రతి పిల్లకూ ఒక మైక్రోస్కోపు. మా బడిలో మైక్రోస్కోపు హెడ్‌మాస్టర్ గది బీరువాలో ఉండేది. దాన్ని తనిఖీ రోజున మాత్రమే చూశాం, అదీ దూరం నుంచి. ఈ బడి చూస్తుంటే నాకు అసూయ కలగలేదు, కోపం రాలేదు. పిల్లలకు బడి అంటే ఇట్లా ఉండాలి కదా అనిపించింది. గొడవ బడితో కాదు. ఆ తర్వాత హాల్లో కూర్చోబెట్టి చెప్పిన మాటలతో.

నిమ్మకాయ పుదీనా నీళ్లిచ్చారు. తెర మీద బొమ్మలు మొదలయ్యాయి. ‘మీ బిడ్డ ప్రపంచ పౌరురాలు’ అన్నారు. ‘వసుధైక కుటుంబకం’ అని పెద్ద అక్షరాలు పడ్డాయి. మా దగ్గర ఇన్ని దేశాల పాస్‌పోర్టులున్న పిల్లలున్నారని ఒక పటం మీద చుక్కలు చూపించారు. నేను తెర వదిలేసి హాలు చూశాను. నిజంగా పరాయి దేశం వాళ్లు రెండు కుటుంబాలు. ఒక కొరియా జంట, ఒక జర్మన్ ఆయన. మిగిలిన అందరూ మనోళ్లే. ఆ ‘మనోళ్లు’ ఎవరో, వాళ్ల ఇంటిపేర్లేమిటో, ఊళ్లో వాళ్ల పొలాలు ఏ చెరువు కింద ఉంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. పాస్‌పోర్టులు ఇరవై దేశాలవి, కులాలు మాత్రం మూడో నాలుగో.

తర్వాత అసలు మాటలొచ్చాయి. “మా పేరెంట్ కమ్యూనిటీ అంతా ఒకే రకం ఆలోచనలున్న కుటుంబాలు.” “క్యాంపస్‌లో సాత్వికాహారం మాత్రమే, గుడ్డు కూడా రాదు.” “అడ్మిషన్ ముందు తల్లిదండ్రులతో చిన్న ఇంటరాక్షన్, మీ కుటుంబ నేపథ్యం తెలుసుకోవడానికి.” కొరియా జంట మర్యాదగా తలూపింది, వాళ్లకు ఏం అర్థమయిందో తెలియదు. మాకు అర్థమయింది. ‘ఒకే రకం ఆలోచన’ అంటే ఏమిటో, ‘కుటుంబ నేపథ్యం’ అంటే ఏమిటో వాడలో పుట్టినవాడికి నిఘంటువు అక్కర్లేదు. మా దోస్తు నా వైపు చూడలేదు. చేతిలోని కాగితం మడత పెడుతూ కూర్చున్నాడు.

ఆ సభ మొత్తంలో వాళ్లు ఎక్కువసార్లు వాడిన మాట ‘ఎక్స్‌పాట్’. ఎక్స్‌పాట్ పిల్లల అవసరాలు వేరు, ఎక్స్‌పాట్ కుటుంబాల ఒత్తిడి వేరు, తండ్రి ఉద్యోగం కోసం దేశాలు మారే పిల్లల మనసు మాకు తెలుసు. వింటుంటే మా అన్న గుర్తొచ్చాడు.

మా అన్న కూడా ఉద్యోగం కోసం దేశం మారినవాడే. జగిత్యాల పక్కన మా ఊరు. 2010లో ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి దుబాయ్ పోయాడు. సెంట్రింగ్ పని. సోనాపూర్ క్యాంపులో ఒక గదిలో ఎనిమిది మంది. బిడ్డ 2013లో పుట్టింది. పద్నాలుగు నెలల పిల్లగా ఉన్నప్పుడు మొదటిసారి చూశాడు, అది వాణ్ని చూసి ఏడ్చింది. ఈ పదిహేనేళ్లలో వాడు ఇంటి దగ్గర ఉన్న రోజులన్నీ కలిపితే ఏడాది దాటదు.

తన బిడ్డను అక్కడికి తీసుకుపోవచ్చు కదా అంటారా? ఎమిరేట్స్‌లో భార్యాబిడ్డలకు వీసా తీయాలంటే నెలకు కనీసం 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా 3,000 జీతంతో పాటు ఉండటానికి ఇల్లు ఉండాలి. మా అన్న జీతం 1,200. దుబాయ్‌లో మన సీబీఎస్‌ఈ చదువు చెప్పే ఇండియన్ స్కూళ్లున్నాయి, బ్రిటిష్ సిలబస్ బడులున్నాయి, ఐబీ బడులున్నాయి. ఆ గోడలకు చెక్కలు బిగించి కాంక్రీటు పోసింది మా అన్నలాంటి వాళ్లే. గోడ కట్టినవాడి బిడ్డకు ఆ బడి కాదు కదా, ఆ దేశమే మూసిన తలుపు.

మా దోస్తు, మా అన్న ఇద్దరూ పొట్టకూటి కోసమే పరాయి దేశం పోయారు. ఒకడు ఎక్స్‌పాట్, ఇంకొకడు వలస కూలీ. ఒకణ్ని ఎన్నారై అంటారు, ఇంకొకణ్ని ‘దుబాయోడు’ అంటారు. 1990లో ఐక్యరాజ్యసమితి వలస కార్మికుల ఒప్పందం రాసింది. తన దేశం కాని దేశంలో జీతం తీసుకుని పనిచేసే ప్రతివాడూ వలస కార్మికుడే అంది. అందులో చెక్కలు కొట్టేవాడు, కోడ్ రాసేవాడు అన్న తేడా లేదు. ఆ ఒప్పందం మీద మన దేశం ఇవాళ్టి వరకూ సంతకం పెట్టలేదు. తేడా చట్టంలో లేదు, మన నాలుక మీద ఉంది. నాలుక మీదికి అది ఎక్కడి నుంచి వచ్చింది? చేతి పని నీచం, మెదడు పని ఉన్నతం అని ఈ దేశానికి నేర్పిన పాత పుస్తకంలోంచి వచ్చింది. వర్ణం విమానం ఎక్కింది, అంతే.

ఈ బడుల పుట్టుక కూడా కాస్త చెప్పుకోవాలి. 1924లో జెనీవాలో ఇంటర్నేషనల్ స్కూల్ పెట్టారు. నానాజాతి సమితిలో, అంతర్జాతీయ కార్మిక సంస్థలో పనిచేసేవాళ్ల పిల్లల కోసం. కార్మికుల హక్కుల సంస్థ ఉద్యోగుల పిల్లల కోసం పుట్టిన బడి అది, గుర్తుంచుకోండి. దేశాలు మారే పిల్లకు ఎక్కడైనా చెల్లే సర్టిఫికెట్ కావాలని అదే జెనీవాలో 1968లో ఐబీ పుట్టింది. అవసరం నిజమైనదే, నేను కాదనను. తొమ్మిదేళ్ల పిల్లను డల్లాస్‌లో లేపి హైదరాబాద్‌లో కూర్చోబెడితే అది తికమకపడుతుంది.

మన దక్షిణాదిలోనూ ఇట్లాంటి చరిత్ర ఉంది. 1901లో కొడైకెనాల్ కొండ మీద అమెరికన్ మిషనరీలు తమ పిల్లల కోసం బడి పెట్టుకున్నారు. అంతకు ముందే, 1878లో, ఒంగోలు దగ్గర కరువు కాలంలో మాదిగలు వేల సంఖ్యలో బాప్తిస్మం తీసుకున్నారు. మన ముత్తాతలకు మొదటి అక్షరం పెట్టింది ఆ మిషన్ బడులే. ఆ రుణం నేను మరచిపోను. ఊరు మొత్తం మనల్ని బడి అరుగు తొక్కనివ్వని రోజుల్లో పలక చేతికిచ్చినవాళ్లు వాళ్లు. కానీ రెండు బడులున్నాయన్నది కూడా నిజమే. కింద మైదానంలో మన పిల్లలకు ఒకటి, పైన చల్లని కొండ మీద దొరల పిల్లలకు ఒకటి. దయ చూపినవాడు కూడా తన బిడ్డను మన బిడ్డ పక్కన కూర్చోబెట్టలేదు. ఇప్పుడు కొండ గచ్చిబౌలికి దిగింది. దొరలు మారారు.

సభ చివర్లో ప్రశ్నలడగమన్నారు. ఒకాయన ఈత కొలను నీళ్లు వేడిగా ఉంటాయా అని అడిగాడు. ఒకామె స్పానిష్ ఎన్నో తరగతి నుంచని అడిగింది. నేను చెయ్యి లేపాను. “విద్యా హక్కు చట్టం కింద 25 శాతం సీట్లు ఇస్తున్నారా మేడమ్? పోయిన ఏడు ఎంతమంది పిల్లలు చేరారు?”

హాలు ఒక్క క్షణం ఆగింది. ఆమె మర్యాద తప్పలేదు, ఆ మాట చెప్పాలి. “సర్, మాది ఇంటర్నేషనల్ బోర్డు. అది స్టేట్ స్కూళ్లకు వర్తిస్తుంది. అయినా అట్లాంటి పిల్లలు ఈ వాతావరణంలో ఇబ్బంది పడతారు కదా సర్, వాళ్ల మంచి కోసమే చెప్తున్నా” అంది. వెనక వరుసలోంచి ఎవరో మగ గొంతు, “ఈడికి గూడ వచ్చిన్రా రిజర్వేషన్లు” అంది. నలుగురు నవ్వారు.

విద్యార్థి మిత్రులారా, ఆ జవాబులోని రెండు ముక్కలనూ విడివిడిగా చూడండి. మీకు కూడా రేపు ఇదే జవాబు వస్తుంది.

మొదటి ముక్క, ‘మాది ఇంటర్నేషనల్ బోర్డు’. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 12(1)(సి) ప్రకారం ఎయిడ్ తీసుకోని ప్రైవేటు బడి కూడా ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల, వెనకబాటుకు గురైన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. నర్సరీ ఉంటే అక్కడి నుంచే ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఆ నిర్వచనంలోనే ఉన్నారు. ప్రైవేటు యాజమాన్యాలు కోర్టుకు పోతే 2012లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను నిలబెట్టింది. 2014లో మైనారిటీ సంస్థలకు మినహాయింపు వచ్చింది. మినహాయింపులున్నది మత విద్యకు, మైనారిటీ బడులకు. ఐబీకి, కేంబ్రిడ్జికి మినహాయింపు ఇచ్చే వాక్యం ఆ చట్టంలో ఒక్కటి కూడా లేదు. సర్టిఫికెట్ జెనీవాది కావచ్చు, బడి ఉన్న నేల రంగారెడ్డి జిల్లాది.

అంతేకాదు. పిల్లనుగానీ తల్లిదండ్రులనుగానీ వడపోసి చేర్చుకోవడం సెక్షన్ 13 ప్రకారం నేరం. మొదటిసారికి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారికీ 50,000 దాకా జరిమానా. వాళ్లు ముద్దుగా ‘ఇంటరాక్షన్’ అంటున్నది ఇదే. వాళ్ల ఏడాది ఫీజులో ఆ జరిమానా ఎన్నో వంతో లెక్క మీరే వేసుకోండి.

మరి ప్రభుత్వం ఏం చేసింది? ఆంధ్రప్రదేశ్‌లో కోర్టు మెట్లెక్కిన తర్వాత ఈ మధ్య కదలిక వచ్చింది. తెలంగాణలో ఏళ్ల తరబడి ఆ సీట్లు కాగితం దాటలేదు. రాష్ట్రం కోసం కొట్లాడినప్పుడు మన పిల్లలు ముందు వరుసలో ఉన్నారు, సీట్ల దగ్గరకొచ్చేసరికి వరుసే లేదు.

రెండో ముక్క, ‘అట్లాంటి పిల్లలు ఇబ్బంది పడతారు’. ఇది పాత మాట. సతారా బడిలో చిన్న భీమ్‌రావును విడిగా గోనెపట్టా మీద కూర్చోబెట్టిన పంతుళ్లు కూడా లోలోపల ఇదే అనుకుని ఉంటారు. దాహమేస్తే ప్యూన్ వచ్చి పైనుంచి పోస్తేనే నీళ్లు. ప్యూన్ రాని రోజు నీళ్లు లేవు. ఇబ్బంది పెట్టేవాణ్ని వదిలేసి ఇబ్బంది పడేవాణ్ని బయటే ఉంచడం ఏ రకం దయ? మన పిల్లను చూసి నవ్వే పిల్ల మీ బడిలో ఉంటే, చదువు కావాల్సింది ఆ నవ్వే పిల్లకు. ప్రపంచ పౌరసత్వం ఆమెకు నేర్పండి. 2014లో మన గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఎవరెస్ట్ మీద ఇబ్బంది పడని పిల్లలు మీ ఏసీ గదిలో ఇబ్బంది పడతారా మేడమ్?

ఇదంతా నేను హాల్లో అనలేదు. అననిచ్చేలోపు సభ ముగిసింది, టీ ఇచ్చారు. అసలు కొట్లాట కారులో జరిగింది.

మా దోస్తు పదినిమిషాలు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. “నీకు యాడికి పోయినా సభనే కావాల్నారా? నా బిడ్డ ఫారం వాళ్ల టేబుల్ మీదుంది. నువ్వు చెయ్యి లేపినంక ఆమె నా దిక్కు ఎట్ల చూసిందో చూసినవా? నిన్ను జూసిన్రు, నన్ను జూసిన్రు, లెక్క గట్టిన్రు.”

నేను జవాబు చెప్పలేకపోయాను. వాడు చెప్తూ పోయాడు. టెక్సాస్‌లో మొదటి రెండేళ్లు తెలుగు కుటుంబాలతో బాగానే గడిచిందట. ఒక బతుకమ్మ పండుగ నాడు ఎవరో పెద్దామె వాడి భార్యను “మీరేంట్లమ్మా?” అని అడిగింది. ఆమె దాచలేదు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. వీళ్ల ఇంటికి భోజనానికి రావడం మాత్రం ఒక్కొక్కరే మానేశారు. ఒక పుట్టినరోజుకు పన్నెండు మంది పిల్లల్ని పిలిస్తే ఇద్దరొచ్చారు, ఇద్దరూ తెల్లపిల్లలు. “నేను పడ్డది నా బిడ్డ పడొద్దు రా. గందుకే వచ్చిన. గందుకే ఆ బడి. గంతకంటె నాకేం లేదు” అన్నాడు.

మిత్రులారా, మనలో కొందరు ఇట్లాంటి వాళ్లను తేలిగ్గా తిడతారు. జాతిని మరిచాడని, దాచుకు తిరుగుతున్నాడని. నేను తిట్టను. 1913లో బాబాసాహెబ్ న్యూయార్క్ పోయారు. కొలంబియాలో చదివారు, లండన్‌లో చదివారు. 1917లో బరోడా వస్తే ఉండటానికి గది దొరకలేదు. పార్సీ పేరు చెప్పుకుని ఒక పార్సీ సత్రంలో తలదాచుకున్నారు. సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొడితే తోటలో చెట్టు కింద కూర్చుని ఏడ్చారు. మన జాతిలో విదేశం నుంచి తిరిగొచ్చిన మొదటి పెద్ద చదువరికి ఈ దేశం ఇచ్చిన స్వాగతం అది. ఆయనంతటివాడే ఒక రాత్రి నీడ కోసం పేరు మార్చుకోవాల్సి వచ్చింది. మా దోస్తు ఫారంలో ఒక గడి ఖాళీగా వదిలాడని నేనెట్లా తప్పుపట్టను?

కానీ వాడికి చెప్పాల్సింది కూడా చెప్పాను. ఒరేయ్, పారిపోతే వదిలే జబ్బు కాదిది. నువ్వు టెక్సాస్ పోతే నీ వెనకాలే వచ్చింది. సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చిందంటే అక్కడికి దాన్ని ఎవరు తీసుకుపోయారు? నువ్వు ఫీజు కట్టి బిడ్డను దాచిన ఆ గోడ లోపలే ‘మీరేంట్లు’ కూర్చుని ఉంది, ఇంకాస్త మంచి ఇంగ్లీషులో. ఆ బడి నుంచి కారులో కాసేపటి దూరంలోనే సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. హాస్టల్ నుంచి గెంటేస్తే ఐదుగురు దళిత పరిశోధకులు ఆరుబయట వెలివాడ కట్టుకుని పడుకున్న చోటు. 2016 జనవరి 17న రోహిత్‌ను పోగొట్టుకున్న చోటు. పెద్ద చదువు, పెద్ద గేటు, పెద్ద పేరు మనల్ని కాపాడతాయనుకుంటే ఆ చెట్టుకింద ఒకసారి నిలబడి రా. నీ బిడ్డను కాపాడేది ఆ బడిలో ఆమె పక్కన కూర్చునే ఇంకో ఐదుగురు మన పిల్లలు. ఒంటరిగా దాక్కుంటే దొరికిపోతుంది. నలుగురుంటే నిలబడుతుంది.

వాడు ఒప్పుకోలేదు. తిట్టుకోలేదు కూడా. నన్ను బస్టాపు దగ్గర దింపి, “చూస్త” అన్నాడు. అంతే.

“ముందు గురుకులాలు బాగు చేయండి, డబ్బున్నోళ్ల బడుల వెంట పడటం ఎందుకు” అని మన వాళ్లే కొందరంటారు. న్యాయమైన మాటే. మా అన్న బిడ్డ గురుకులంలోనే చదువుతోంది. 2024లో పెంచిన తర్వాత కూడా ఏడో తరగతి దాకా ఒక పిల్ల తిండికి నెలకు ప్రభుత్వం ఇచ్చేది 1,330 రూపాయలు. రోజుకు 44 రూపాయలు, అందులోనే పొద్దున టిఫిను, రెండు పూటల భోజనం, సాయంత్రం గుగ్గిళ్లు. ఆ శనివారం మాకిచ్చిన పుదీనా నీళ్ల గ్లాసు బయట కొంటే అంతకంటే ఎక్కువే. కానీ ఇవి రెండు కొట్లాటలు కావు. పాలించేవాళ్ల పిల్లలు ఏ బడిలో చదవరో ఆ బడి బాగుపడదు. రెండు బడుల మధ్య గోడ ఉన్నంత కాలం గోడకు ఇవతలి బడికి 44 రూపాయలే వస్తాయి.

కాబట్టి చేయాల్సిన పని చెప్తాను. ఒకటి, మీ మండలంలో, మీ డివిజన్‌లో ఉన్న ప్రతి ప్రైవేటు బడికీ ఒకటో తరగతిలో ఎన్ని సీట్లు, 25 శాతం కింద ఎన్ని ఇచ్చారని డీఈవో ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పని. రెండు, ‘ఇంటరాక్షన్’ పేరుతో తల్లిదండ్రులను వడపోస్తున్న చోట రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మూడు, గురుకులాల్లో కూడా తల్లిదండ్రులను పిలిచి వంటగది, మరుగుదొడ్డి, ల్యాబు చూపించే రోజు పెట్టమని అడగండి. చూపించుకునే హక్కు డబ్బున్న బడికేనా? నాలుగు, గల్ఫ్‌లో చచ్చిపోతే 5 లక్షలు ఇస్తామంటున్న ప్రభుత్వాన్ని, బతికున్నవాడి బిడ్డ చదువుకు ఏమిస్తావని అడగండి.

ఆదివారం మా అన్న బిడ్డకు ఫోన్ చేశాను. హాస్టల్‌లో వారానికి ఒక్కసారే, ఐదు నిమిషాలు. శనివారం ఒక పెద్ద బడికి పోయానని చెప్పాను. కొలను గురించి, మైక్రోస్కోపుల గురించి, నేల మీద పడుకుని చదివే లైబ్రరీ గురించి చెప్పాను. అవన్నీ ఊఁ కొట్టుకుంటూ వింది. అసూయపడుతుందేమోనని నాకు భయమేసింది. చివరికి ఒకటే అడిగింది.

“కాకా, ఆ బడి పిల్లల బాపులు రోజూ ఇంటికొస్తరా?”

వస్తారు బిడ్డా అన్నాను. వెనకాల ఇంకో పిల్ల ఫోన్ కోసం పిలుస్తోంది. పెట్టేసింది.

వచ్చే వారం మెస్ చార్జీలు. జై భీమ్.